బ్లూ స్క్రీన్ మీద ‘మెమరీ’ అని కనిపించగానే ర్యామ్ కొనేయకండి, మదర్‌బోర్డూ మార్చేయకండి

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన ముక్కలు ఇవీ: కాకినాడలో ఇంట్లో వాడే డెస్క్‌టాప్, ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, కొన్నప్పుడు 3200 స్పీడు 8 జీబీ ర్యామ్ ఒకటి, తర్వాత వేరే కంపెనీది అదే స్పీడు 8 జీబీ ఇంకోటి వేయించారు. చలికాలం అంతా బాగానే నడిచింది, ఎండలు ముదిరాక రెండు మూడు రోజులకోసారి బ్లూ స్క్రీన్, ఎక్కువసార్లు ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని, అప్పుడప్పుడు వేరే పేర్లతో. షాపులో రెండుసార్లు ఫార్మాట్ కొట్టి ఇచ్చారు, మళ్ళీ అదే కథ. విండోస్‌లో ఉన్న మెమరీ టెస్ట్ పెడితే సమస్యేమీ లేదంది. ఇప్పుడు మదర్‌బోర్డు పోయింది మార్చాలి అంటున్నారు, మార్చాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. మూడోసారి ఫార్మాట్ కూడా వద్దు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం ముందుగా ఆ రెండు ర్యాముల జోడీ మీదికి, ఆ తర్వాత కొత్తగా వేసిన స్టిక్ (ర్యామ్ పలక) మీదికి పోతుంది, మదర్‌బోర్డు చాలా కింద ఎక్కడో ఉంటుంది. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో తెలిసిందే కదా, డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోతుంటే మనకి మిగిలేది ఖరీదైన మిగులే. ఊహ మీద డబ్బు పెట్టే రోజులు కావు ఇవి.

ముందు ఒక చిన్న స్పష్టత, ఎందుకంటే ఇదే సమస్య అనుకుని వేరే సమస్య ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు. ‘మెమరీ తక్కువగా ఉంది, ప్రోగ్రాములు మూసేయండి’ అని వచ్చే మెసేజ్ వేరు, మీకు వచ్చేది వేరు. మొదటిది చోటు చాలకపోవడం, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ‘కమిటెడ్’ అని ఉన్న అంకె చూస్తే తెలిసిపోతుంది, దాని పక్కన ఉన్న హద్దుకి దగ్గరగా ఉందంటే ఏదో ప్రోగ్రాము మింగేస్తోందన్నమాట, లేదా ఎవరో యూట్యూబ్ చూసి పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) ఆపేశారన్నమాట. పేజ్‌ఫైల్‌ని మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టేస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఇంకొకటి, 5600జీలో గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది, కాబట్టి 16 జీబీ వేస్తే 15 చిల్లరో, ఇంకా తక్కువో చూపించడం లోపం కాదు. ఆ అంకె చూసి షాపువాళ్ళతో గొడవ పడకండి.

మీది రెండో రకం, అంటే ర్యామ్‌లో రాసింది ఒకటి, తిరిగి చదివితే వచ్చింది ఇంకొకటి. ఇందులో అసలు ప్రమాదం బ్లూ స్క్రీన్ కాదు. మన ఇళ్ళలో వాడే మామూలు ర్యామ్‌కి తను తప్పు చెప్పానని తెలుసుకునే ఏర్పాటే ఉండదు, సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్‌కే అది ఉంటుంది. (కొత్త తరం ర్యామ్ డీడీఆర్5లో చిప్ లోపల కొంత సవరణ ఉంది గానీ అది ఈసీసీకి పూర్తి ప్రత్యామ్నాయం కాదు, అమ్మేవాళ్ళు చెప్పేది నమ్మకండి.) తప్పు బిట్ (ర్యామ్‌లో దాచే ఒక్క 0 లేదా 1) విండోస్ సొంత పనికి అడ్డం వస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది, మీ ఫైల్లో పడితే ఏ చప్పుడూ ఉండదు, నిశ్శబ్దంగా డిస్క్ మీదికి వెళ్ళి కూర్చుంటుంది. కంప్యూటర్ పూర్ణాంకంగా దాచుకున్న 5,000లో ఒక్క బిట్ తిరగబడితే అది 904 అయిపోవచ్చు. మీరు ఇదే సిస్టమ్ మీద ట్యాలీలో లెక్కలు రాస్తున్నానన్నారు. అందుకని మిగతా ఏ పని చేసే ముందైనా ఇది చేయండి: ఈ సమస్య తేలేదాకా ఆ కంప్యూటర్ మీద ట్యాలీ ఎంట్రీలు ఆపేయండి, పాత బ్యాకప్‌ల మీద కొత్తది రాయకండి, ఇప్పుడు ఉన్న డేటా కాపీ చేసుకుంటే వేరే ఫోల్డర్‌లో వేరే తేదీతో పెట్టుకోండి. చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ కమాండ్) రిపేరు, బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే, విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్, విండోస్ పెద్ద అప్‌డేట్ లాంటివి కూడా ఇప్పుడు చేయొద్దు, చెడ్డ ర్యామ్‌తో డిస్క్‌ని బాగుచేయమంటే అది బాగున్నవాటిని కూడా పాడుచేసే అవకాశం ఉంది. ఫార్మాట్ వల్ల ఉపయోగం లేకపోగా నష్టమని నేననేది కూడా ఇందుకే, విండోస్ ఫైళ్ళు కాపీ అయ్యేది కూడా అదే ర్యామ్ గుండా కదా.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బ్లూ స్క్రీన్ మీద వచ్చే పేరుకి జనం చాలా విలువిస్తారు. ఒక్క పేరుతో ఏమీ తేలదు, నాలుగైదు పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’, ఇంకోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’, మధ్యలో బ్రౌజర్ ట్యాబ్ దానంతటది పడిపోవడం, పెద్ద జిప్ ఫైలు విప్పితే చెక్‌సమ్ (ఫైలు చెడలేదని సరిచూసే అంకె) తప్పు అనడం, ఇలా పొంతన లేకుండా వస్తుంటే హార్డ్‌వేర్ వైపు చూడాలి. ప్రతిసారీ ఒకే పేరు, ఒకే డ్రైవర్ ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్ వైపు చూడాలి. ఆ ఫైలు పేరు చూడ్డానికి విండోస్ ఫోల్డర్‌లో ‘మినీడంప్’ అని ఉంటుంది, అందులోవి బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో తెరవచ్చు. ‘కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్’ అని వచ్చిందంటే మాత్రం ముందు ఎస్ఎస్డీనీ దాని కేబుల్‌నీ అనుమానించండి, డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సింది రాలేదని దానర్థం. మీ సిస్టమ్‌లో ఇంకో ఆనవాలు కూడా చూసుకోవచ్చు: గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి స్క్రీన్ మీద ఉన్నట్టుండి రంగు చుక్కలో గీతలో వచ్చి పోతుంటే అదీ ఇదే ఖాతాలోకి రావచ్చు.

విండోస్ టెస్ట్ ‘సమస్య లేదు’ అంది కదా అంటారు. అది తప్పు ఉందంటే నమ్మండి, లేదంటే పెద్దగా పట్టించుకోకండి. మామూలుగా పెడితే అది స్టాండర్డ్ పరీక్ష రెండు రౌండ్లు చేసి వదిలేస్తుంది. టెస్ట్ మొదలయ్యాక ఎఫ్1 నొక్కితే ‘ఎక్స్‌టెండెడ్’ అని ఉంటుంది, రౌండ్ల సంఖ్య సున్నా పెడితే ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది, అలా పెడితే కొంత నయం. కానీ నేనైతే నేరుగా మెమ్‌టెస్ట్86 ప్లస్ వాడమంటాను. ఉచితం, ఓపెన్ సోర్స్, 2022లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి కొత్త తరహా బయోస్ (యూఈఎఫ్ఐ) ఉన్న బోర్డుల మీద కూడా నడుస్తుంది. వేరే బాగున్న కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించుకుని దాంతో బూట్ చేయాలి. బూట్ కాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాములతో బూట్ కానివ్వని సెట్టింగు) ఆపాల్సి రావచ్చు, ఆపే ముందు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే ర్యామ్ సమస్య పోయి డిస్క్ తెరుచుకోని సమస్య వస్తుంది. దీంతో సమానంగా మెమ్‌టెస్ట్86 అని పేరు దగ్గరగా ఉండే ఇంకోటుంది, ఉచిత వెర్షన్ నాలుగు రౌండ్లు మాత్రమే తిరుగుతుంది, అదీ మంచిదే.

ఎప్పుడు పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. రాత్రి ఏసీ వేసుకుని, క్యాబినెట్ పక్క డోరు తీసి టెస్ట్ పెట్టి, పొద్దున్నే అన్నీ ఓకే అని సంబరపడితే లాభం లేదు. ర్యామ్‌లో ఒక్కో బిట్ అతి చిన్న కెపాసిటర్‌లో ఛార్జ్‌గా నిలబడుతుంది, అది కారిపోతూ ఉంటుంది కాబట్టి మీ సిస్టమ్‌లో ఉన్న డీడీఆర్4 రకం ర్యామ్‌లో ప్రతి 64 మిల్లీసెకన్లకు మొత్తం ఒకసారి తిరిగి నింపుతారు, చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే ఆ వ్యవధిని సగానికి తగ్గించాలని ప్రమాణాల్లోనే ఉంది. అంటే వేడి పెరిగేకొద్దీ ఛార్జ్ త్వరగా కారుతుంది, జనవరిలో 64 మిల్లీసెకన్లు నిలబడ్డ బలహీనమైన సెల్ మే నెల మధ్యాహ్నం నిలబడకపోవచ్చు. మీకు చలికాలం రాని సమస్య వేసవిలో వచ్చిందన్న ముక్క నన్ను ఇటు లాగింది. కాబట్టి రోజూ సమస్య వచ్చే వేళకే, డోరు వేసి, మామూలుగా ఎక్కడ పెట్టి వాడతారో అక్కడే పెట్టి టెస్ట్ చేయండి. 16 జీబీకి నాలుగు రౌండ్లంటే గంటలు పడుతుంది, పట్టనివ్వండి. తప్పు దొరికితే టెస్ట్ ఎర్ర గీతగా చూపిస్తుంది, అది ఒక్కటొచ్చినా ఫెయిలే. ‘ఒక్కటే కదా’ అనేది ఉండదు.

కొంతమంది ‘కాస్మిక్ కిరణాల వల్ల అప్పుడప్పుడూ బిట్లు తిరగబడతాయట’ అని తేలిగ్గా తీసుకుంటారు. తిరగబడతాయి, నిజమే. కానీ 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజనీర్లు కలిసి గూగుల్ సర్వర్ల ర్యాములు పరిశీలిస్తే ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్కుల్లో తప్పులు కనిపించాయి, ఒకసారి తప్పు చూపిన స్టిక్ మళ్ళీ చూపించే అవకాశం చాలా ఎక్కువని కూడా తేలింది. వారానికి రెండుసార్లు మీ ఇంట్లో ఒకే కంప్యూటర్‌ని వెతుక్కుంటూ ఆకాశం నుంచి ఏదీ రాదు.

సరే, టెస్ట్‌లో ఎర్ర గీతలు వచ్చాయనుకుందాం. వెంటనే ర్యామ్ పోయిందని కాదు. బయోస్‌లోకి వెళ్ళి డీఓసీపీ అనో ఎక్స్‌ఎంపీ అనో ఉన్నది (ర్యామ్‌ని పెట్టె మీద రాసిన స్పీడుకి తీసుకెళ్ళే ప్రొఫైల్) ఆపేసి మళ్ళీ అదే టెస్ట్ పెట్టండి. మీ కేసులో నాకు అన్నిటికన్నా ఆసక్తి ఇక్కడే. పెట్టె మీద రెండిటికీ 3200 అనే రాసి ఉంటుంది, కానీ ఒకటి 1.2 వోల్టుల మీద మామూలు ప్రమాణంగానే 3200 నడిచే రకం కావచ్చు, రెండోది ప్రొఫైల్ ఆన్ చేస్తే 1.35 వోల్టుల మీద 3200 నడిచేది, లేకపోతే 2400కో 2666కో దిగిపోయేది కావచ్చు. ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు బోర్డు ఏదో ఒక స్టిక్‌లో రాసి ఉన్న టైమింగ్స్ (ఒక్కో పనికి ర్యామ్ ఎంతసేపు తీసుకోవాలన్న అంకెలు) తీసుకుని రెండిటి మీదా రుద్దుతుంది. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు ఉంటుంది ఆ కాపురం. షాపులో ఆన్ చేసి విండోస్ వచ్చింది కదా అని ఇచ్చేస్తారు, విండోస్ రావడానికీ ఎండలో నాలుగు గంటలు తప్పు లేకుండా నడవడానికీ చాలా తేడా ఉంది. సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎస్‌పీడీ (ర్యామ్ తన గురించి తను రాసుకున్న వివరాలు) ట్యాబ్ తెరిచి ఒక్కో స్లాట్‌కి ఏం రాసి ఉందో ఫొటో తీసుకోండి, వోల్టేజ్ వరుసలో తేడా అక్కడే కనబడుతుంది.

డీఓసీపీ ఆపితే తప్పులు పోయాయంటే మీకు రూపాయి ఖర్చు లేదు. కావాలంటే చేత్తో 2666 పెట్టి టెస్ట్ చేయండి, నిలబడితే 2933 చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ. ట్యాలీకీ బ్రౌజర్‌కీ ఈ తేడా మీ కంటికి కనబడదు, 5600జీ సొంత గ్రాఫిక్స్ మీద ఆటలు ఆడితే కొంచెం తగ్గుతుంది, అంతే.

ఆపినా తప్పులు వస్తుంటే ఇక విడదీయాలి. సిస్టమ్ ఆపి, వెనక స్విచ్ ఆఫ్ చేసి, వైరు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఒక స్టిక్ తీసేసి రెండోదాన్ని ఒక స్లాట్‌లో టెస్ట్ చేయడం, తర్వాత అదే స్టిక్‌ని ఇంకో స్లాట్‌లో, తర్వాత ముందు తీసేసిన స్టిక్‌తో అదే వరుస. ఓపిక కావాలి, రెండు రోజుల పని, కానీ తీర్పు దీంతోనే వస్తుంది. ఏ స్లాట్‌లో పెట్టినా ఒకే స్టిక్ తప్పు చూపిస్తే అది స్టిక్. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పు వస్తే స్లాట్, బోర్డు, లేదా ప్రాసెసర్ కింది పిన్నులు. విడివిడిగా అన్నీ పాసై కలిపితేనే ఫెయిలవుతుంటే జోడీ కుదరలేదని. మీ షాపువాళ్ళు మదర్‌బోర్డు అంటున్నారు కదా, ఈ పరీక్ష చేశారా అని అడగండి, చేయకుండా చెప్పినమాటైతే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మీ బోర్డుకి నాలుగు స్లాట్లుంటే రెండు స్టిక్కులు ఉండాల్సింది ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో, పక్కపక్కన పెట్టి ఇచ్చారేమో అదీ చూడండి.

స్టిక్ బయటికి తీసినప్పుడు కింది బంగారు రంగు పళ్ళు ఎలా ఉన్నాయో చూడండి. సముద్రం ఒడ్డు ఊళ్ళలో, మీ కాకినాడైనా విశాఖ అయినా, ఉప్పుగాలికీ తేమకీ వాటి మీద మసక పడుతుంది, చాలాసార్లు తీసి మళ్ళీ గట్టిగా పెట్టడంతోనే సమస్య పోతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. మన దగ్గర అందరూ చేసే వైద్యం రబ్బరుతో రుద్దడం. పని చేస్తుంది, కాదనను, కానీ ఆ పూత చాలా పలచన, గట్టిగా రుద్దితే అది పోయి తుప్పుకి దారి వేస్తుంది, పైగా రబ్బరు పొడి స్లాట్‌లో పడిందంటే కొత్త రోగం. మొబైల్ రిపేరు షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, ఐపీఏ అంటే ఇస్తారు, మెత్తని గుడ్డకి కాస్త అద్ది తుడిచి పూర్తిగా ఆరాక పెట్టండి. స్లాట్‌లోకి బ్లోయర్ చాలు. సెంటు కొట్టి తుడిచినవాళ్ళని చూశాను, దయచేసి వద్దు.

కరెంటు సంగతి కూడా ఒక మాట. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదు. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టె) లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని క్యాబినెట్ మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజ్ దగ్గర తేలుతూ ఉంటుంది, కరెంటు తక్కువే కాబట్టి మనిషికి జివ్వుమని మాత్రమే అనిపిస్తుంది గానీ అది అలా వదిలేయదగ్గ విషయం కాదు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ అయితే, స్టిక్కులు స్లాట్లు అన్నీ మార్చి చూసినా తప్పులు ఒక పద్ధతి లేకుండా వస్తుంటే, తెలిసినవాళ్ళ దగ్గర మంచిది ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడండి. మదర్‌బోర్డు మార్చే ముందు చూడాల్సిన చివరి వస్తువు అదే.

ఇంటెల్ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే: 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆటలు ఆడేటప్పుడు ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అని వస్తే ర్యామ్‌నీ గ్రాఫిక్స్ కార్డునీ తిట్టకండి, చాలాసార్లు తప్పు ప్రాసెసర్‌ది. 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాము) సవరణలు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. బయోస్ కొత్తది వేసుకోండి, అయినా వస్తుంటే అప్పటికే ప్రాసెసర్ దెబ్బతిని ఉంటుంది, వారంటీలో అడగండి. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉండి, తప్పులు ఒకటి రెండు అడ్రసుల దగ్గరే వస్తుంటే విండోస్ బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్ కమాండ్‌లో ‘బ్యాడ్‌మెమరీ లిస్ట్’ అని ఉంది, ఆ పేజీలు వాడొద్దని విండోస్‌కి చెప్పవచ్చు. తాత్కాలికమే, కానీ కొత్త బోర్డు ధర విన్నాక చాలామందికి అదే నచ్చుతుంది.

మీ దగ్గర స్టిక్ చెడిందని తేలితే బిల్లు వెతకండి. పేరున్న కంపెనీలు ర్యామ్‌కి చాలా ఏళ్ళ వారంటీ, కొన్ని లైఫ్‌టైమ్ అని కూడా ఇస్తాయి, ఎర్ర గీతల స్క్రీన్ ఫొటో, స్టిక్ మీది సీరియల్ నంబరు ఫొటో దగ్గర పెట్టుకుంటే వాదన తగ్గుతుంది. స్టిక్ మీది స్టిక్కర్ మాత్రం పీకకండి, వారంటీ పోతుంది. వారంటీలో రాదంటే మిగిలిన 8 జీబీతో కొన్నాళ్ళు నడపండి, తర్వాత కొంటే ఒకే పెట్టెలో వచ్చే రెండు స్టిక్కుల కిట్ కొనండి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళినా ఆన్‌లైన్‌లో తీసుకున్నా సరే, విడివిడిగా మాత్రం కాదు.

టెస్ట్ పూర్తిగా పాసయ్యాక, అప్పుడు మాత్రమే, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (విండోస్ సొంత ఫైళ్ళు సరిచూసే కమాండ్) నడపండి, తర్వాత చెక్‌డిస్క్. రెండిట్లోనూ చాలా తప్పులు చూపిస్తే ఇప్పుడు ఫార్మాట్ కొట్టించుకోవచ్చు, ఇప్పుడు దానికి అర్థం ఉంది. ట్యాలీ డేటాని మాత్రం సమస్య మొదలవక ముందు తీసిన బ్యాకప్‌తో వేరే కంప్యూటర్‌లో పక్కపక్కన తెరిచి, ఆ తేదీ నాటి ట్రయల్ బ్యాలెన్స్ రెండిట్లో ఒకటేనా చూడండి, ఆ తర్వాతి ఎంట్రీలు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోండి, కొత్త ఎంట్రీలు అప్పుడు మొదలుపెట్టండి.